జేబు లేని కుర్తా

ఈ మధ్య కుర్తాలకు జేబులు కుట్టడం మానేశారు. మెడ చుట్టూ అరచేయి వెడల్పు జరీ ఉంటుంది, ఛాతీ మీద ఆరు గుండీలుంటాయి, అందులో నాలుగు ఉత్తుత్తివి. ఒక చేతిరుమాలు పెట్టుకునే చోటు మాత్రం ఉండదు. నిజామాబాద్‌లో బట్టల దుకాణం అతన్ని అడిగితే, "పెండ్లికొడుకు జేబుల ఏం పెడ్తడన్నా?" అన్నాడు.

నేను చాక్లెట్లు పెడతాను. ఆ మాట అతనితో అనలేదు. అప్పటికి ఆరు నెలలుగా చాలామందితో చాలా మాటలు అనడం లేదు.

అంతకు ఆరు నెలల ముందు నేను చిక్కిపోవడం మొదలైంది. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ని కనుక, కారణం జీతమే అనుకున్నారు అందరూ. రెండు లీటర్ల నీళ్ల సీసాతో క్లాసుకు పోయి, పాఠం సగంలో ఆపి బాత్రూంకు పరుగెత్తేవాణ్ని. చివరికి ఖలీల్‌వాడిలో ఒక డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇది మాత్రలతో అయ్యేది కాదు. మీ ఒంట్లో ఇన్సులిన్ తయారవడం దాదాపు ఆగిపోయింది. ఇకనుంచి రోజుకు నాలుగు సూదులు" అంది. ఎన్ని రోజులని అడిగాను. "రోజులు కాదు, జీవితాంతం" అంది.

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసేవాడు. అది మూతపడ్డాకే మేం నిజామాబాద్ వచ్చాం. అక్కడ ఆగిన చక్కెర నా ఒంట్లో మొదలైందని నేనంటే ఆయన నవ్వలేదు. "ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

అమ్మ నా ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో, నెయ్యి అని రాసున్న డబ్బాలో దాచింది. ఒకసారి మేనత్త వచ్చినప్పుడు రొట్టెకు రాసుకుందామని ఆ డబ్బా తీసింది. అమ్మ దాన్ని ఆమె చేతిలోంచి గుంజుకుంది. నెయ్యి దగ్గర మేం పీనాసులమని చుట్టాల్లో ఇప్పటికీ పేరు.

కొత్త బతుకు లెక్క ఇది: తినే అన్నాన్ని కప్పుతో కొలవాలి, దానికి తగ్గ సూది వేసుకోవాలి. సూది పడ్డాక తిండి పడాల్సిందే. లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, ఇంకా ఆలస్యమైతే స్పృహ తప్పుతుంది. అప్పుడు చక్కెరే మందు. అందుకే చాక్లెట్లు. ఒంటరిగా బస్సెక్కాలంటే భయం, నిద్రపోవాలంటే భయం. మిగతాదంతా బాగానే ఉంది.

అంతలో బోధన్ సంబంధం వచ్చింది. ఆ అమ్మాయి అక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఫోన్లో మాట సూటిగా ఉండేది. "మీకు తీపి ఇష్టమేనా?" అని అడిగింది ఒకరోజు. "పెద్దగా అలవాటు లేదు" అన్నాను. పూర్తి అబద్ధమేమీ కాదు. ఆ పూట అన్నం సహించలేదు; సూది వేసుకున్నాను కనుక తిన్నాను.

ఆమెకు చెప్పనా అని బాపును రెండుసార్లు అడిగాను. "పెండ్లయినంక మెల్లగ చెప్పుకో. ఇప్పుడు చెప్తే పిల్లనెవ్వలిస్తరు?" అన్నాడు. ఆమె కాదంటుందన్న భయం ఆయనకంటే నాకే ఎక్కువ. కనుక తండ్రి మాట జవదాటని కొడుకునయ్యాను.

నిశ్చితార్థం వాళ్లింట్లో. పోగానే టిఫిన్ పెడతారని అమ్మ అన్నది. అక్కడి బాత్రూంకు గొళ్లెం ఉంటుందో లేదో తెలియదు కనుక బయలుదేరే ముందు ఇంట్లోనే సూది వేసుకున్నాను. చాక్లెట్లు పాత చొక్కా జేబులోనే ఉండిపోయాయి.

మా దిక్కు సంబంధం ఖాయమైతే కుడుకలు పట్టాలి. ఎండుకొబ్బరి చిప్పల నిండా చక్కెర పోసి, పిల్ల మేనమామ పిల్లగాని చేతిలో పెడతాడు. అప్పటిదాకా పిల్లగాడు ఏమీ ముట్టొద్దని ఆ అమ్మాయి అవ్వ పట్టు. మేనమామ నాందేడ్ నుంచి రావాలి. "బిలోలి దాటిండట" అని పది గంటలకు చెప్పారు. పదకొండుకూ ఆయన బిలోలే దాటుతున్నాడు.

నా ముందు పళ్లెంలో పదకొండు కుడుకలు. మొదట వేళ్లు వణికాయి. తర్వాత కుర్తా వీపుకు అతుక్కుంది.

"అమ్మా, పడిపోయేటట్టున్న" అన్నాను చెవిలో.

"పది నిమిషాలు ఓర్సుకో బిడ్డా. అందరు సూస్తున్నరు" అంది, నా వైపు తిరగకుండా, నవ్వు మొహంతోనే.

"చక్కెర నీళ్లన్న అడుగు."

"ఎందుకంటే ఏం చెప్పాలె?"

కాసేపటికి మనుషులు రెండేసి కనబడ్డారు. చుట్టాలు ఒక్కొక్కరుంటేనే ఎక్కువ. నేను ఒక కుడుక అందుకొని చక్కెర నోట్లో ఒంపుకున్నాను. అది ఖాళీ అయ్యాక రెండోది. అందరూ చేస్తున్న పని వదిలి నా వైపు తిరిగారు. వీడియో తీసేవాడొక్కడే పని మానకుండా దగ్గరికొచ్చాడు.

"గిదేంది బిడ్డా! మీ ఇంట్ల కూడు పెట్టరా నీకు?" అంది అవ్వ.

"గ్యాసవ్వా. వానికి గ్యాస్" అన్నాడు బాపు.

చక్కెర గొంతు దిగుతున్నకొద్దీ మనుషులు మళ్లీ ఒక్కొక్కరయ్యారు. బాపు నా వైపే చూస్తున్నాడు, చెప్పొద్దన్నట్టు.

"గ్యాస్ కాదు. నాకు షుగరున్నది. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ తీసుకుంట" అన్నాను. గడ్డం నిండా చక్కెర ఉండటం వల్ల ఆ మాటకు దక్కాల్సిన మర్యాద దక్కలేదు.

లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. నేను తాగేదాకా ఆగింది. ఖాళీ గ్లాసు తీసుకుంటూ నన్ను చూసి అడిగింది.

"ఇదొక్కటే దాచిండ్రా, ఇంకేమన్న ఉన్నదా?"