మేనత్త కళ్లతో పేర్చిన బతుకమ్మ

నా చిన్నప్పుడు నేను నోరు మూసుకుని కూర్చున్న పూటలు తక్కువ. ఎందుకు, ఏమిటి అని అడిగి అందరి ప్రాణం తీసేదాన్ని. ఆ ఏడు బతుకమ్మ పండుగకు అమ్మ నన్ను లాలాగూడ నుంచి తార్నాకలోని మా మేనత్త ఇంటికి తీసుకుపోయింది. మేనత్తకు క్యాన్సర్ తగ్గింది కానీ, ఆ మందులకు నరాలు దెబ్బతిని వేళ్లు మొద్దుబారాయి. అయినా ఏటా పేర్చినట్టే ఈసారి కూడా బతుకమ్మను తానే పేరుస్తానని పట్టుబట్టింది. ఎవరు వద్దన్నా వినలేదు.

పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో బండల మధ్యకు పోయి తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చాం. మేనత్త తాంబాళం ముందు కూర్చుంది. ఇక ఎవరు పలకరించినా తలెత్తదే! పక్కింటివాళ్లు మొహం మాడ్చుకుని వెళ్లిపోయారు. నాకేమో ఆగలేనంత ఆరాటం. ఎదురుగా చేరి, "అత్తమ్మా, మాట్లాడ్తలేవేంది?" అని అడిగాను.

ఆమె నావైపు చూసింది. అంతే, వేళ్ల మధ్య నుంచి గునుగు పువ్వు జారి కింద పడింది. అది పడిందని కూడా ఆమెకు తెలియలేదు. ఖాళీ వేళ్లనే తీసుకెళ్లి బతుకమ్మ మీద ఆనించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పువ్వు పడిపోతే తెలియకపోవడమేమిటి?

మేనత్త నవ్వి, మామయ్య సాక్సులు తెచ్చి నా చేతులకు ఒకదానిమీద ఒకటి తొడిగింది. "ఇగ అటు చూసుకుంట పువ్వు పట్టుకో" అంది. పట్టుకున్నాననే అనుకున్నాను. తిరిగి చూస్తే చేతిలో ఏమీ లేదు.

"నాకు ఎప్పుడూ గిట్లనే ఉంటది బిడ్డా. నేను కండ్లతోని పట్టుకుంటున్న. నీ దిక్కు చూస్తే పువ్వు పోతది."

ఆ తర్వాత నేను గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పి కాసేపు ఆపాను. సాయంత్రానికి బతుకమ్మ కొంచెం పక్కకు ఒరిగే నిలబడింది. దాన్ని ఆడేవాళ్ల నడుమ పెట్టాక మేనత్త తలెత్తి, పొద్దుటి నుంచి ఆపుకున్న మాటలన్నీ మొదలుపెట్టింది. పక్కింటివాళ్లకు కూడా సందివ్వలేదు.

ఈమధ్య నాకూ అలాంటి మందులే ఎక్కించారు. టీ గ్లాసు పట్టుకుంటే దానిమీద నుంచి చూపు తిప్పను. నా మనవరాలికి అచ్చం నా నోరే వచ్చింది. "అమ్మమ్మా, నా దిక్కు చూడవేంది?" అని ఒకటే గోల. మొన్న దాని చేతులకు సాక్సులు తొడిగాను.

ఇప్పుడు నేను టీ తాగుతుంటే అది ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. గ్లాసు కింద పెట్టానా, మొదలు. ఇక నా రెండు కళ్లూ దానివే.