అక్క పెళ్లి చీర, మైటోకాండ్రియా మడతలు

ఆ రోజుల్లో గద్వాలలో ప్రైవేటు కాలేజీలో కొలువు దొరకాలంటే చదువొక్కటే చాలేది కాదు. డెమో క్లాసు చెప్పి, వెనక బెంచీలో కూర్చున్న కరస్పాండెంట్ సారు చేత తలూపించుకోవాలి. నేను అప్పటికే వేరే కాలేజీల్లో భంగపడి వచ్చినవాణ్ని. (ఒకచోట సారు తల ఊపాడు గానీ, అది కునికిపాటని తర్వాత తెలిసింది.) ఈసారీ కాకపోతే చిన్నాయన వెంట బొంబాయి పనికి పొమ్మని మా నాయన తేల్చి చెప్పేశాడు.

నాకిచ్చిన పాఠం మైటోకాండ్రియా. కణానికి శక్తినిచ్చే ఆ చిన్న సంచిలో లోపలి పొర మడతలు మడతలుగా ఉంటుంది. నేను బోర్డు మీద గీస్తే పురుగు పట్టిన పల్లికాయలా వచ్చేది. అందుకని అక్కను బతిమాలి ఆమె పెళ్లి చీర తీసుకున్నాను. అంత పెద్ద చీరా కుచ్చిళ్లు పోస్తే పిడికిట్లోకి వస్తుంది కదా, చిన్న చోట పెద్ద పొర పట్టేదీ అట్లాగే అని చూపించడం నా ఉపాయం. మరకైతే గద్వాల్లోనే ఉండిపొమ్మంది అక్క. మా ఊరు ధరూర్ నుంచి కిక్కిరిసిన ఆటోలో దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకొని వచ్చాను.

క్లాసులో చీర విప్పగానే కిసకిసలు మొదలయ్యాయి. కుచ్చిళ్లు పోయడం నా జన్మలో రాని విద్య. పైగా అది మా గద్వాల చీర, నడుమ నూలు, అంచు పట్టు. అక్క గంజి పెట్టిన నూలు బుద్ధిగా నిలబడింది గానీ, పట్టంచు వేళ్ల సందుల్లోంచి జారుతూనే ఉంది. నేను చెమటలు కక్కుతూ దానితో కుస్తీ పడుతుంటే ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"సార్, మీరు పట్టుకున్నరు గాబట్టి మడతలు నిలబడ్డయి. కణంల ఎవరు పట్టుకుంటరు సార్?"

జవాబు కోసం బోర్డు వైపు చూశాను. చీర కాస్తా జారి సుద్దపొడిలో కుప్పగా పడింది. కరస్పాండెంట్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగాడు. నాకు బొంబాయి బస్సు కళ్ల ముందు కదిలింది.

పెళ్లి చీర నేలపాలవడం చూసి ఆ అమ్మాయికే ప్రాణం ఒప్పలేదు. వచ్చి దులిపి, చకచకా కుచ్చిళ్లు పోసి, తన ఓణీ పిన్ను తీసి అంచు దగ్గర గుచ్చింది. మడతలు కదిలితే ఒట్టు. ఎమ్మెస్సీలో విని మరిచిపోయిన ముక్క అప్పుడు తట్టింది నాకు.

"ఇగో, నీ జవాబు నువ్వే చెప్పినవ్. మడత మొదట్ల కొన్ని ప్రొటీన్లు గీ పిన్ను లెక్క పట్టుకుంటయి. ఇంకొన్ని పొరను వంచుతయి. అవి లేకుంటే మడతలన్నీ చెదిరిపోతయి."

క్లాసంతా ముందుకు వంగి వింది. గంట కొట్టాక కరస్పాండెంట్ సారు నా దగ్గరకొచ్చాడు. "రేపట్నుంచి రాండ్రి సార్. చీరెలు మాత్రం తేకుండ్రి," అన్నాడు. హమ్మయ్య అనుకుంటూ మెట్ల మీద కూలబడ్డాను. చీరను అటూ ఇటూ తిప్పి చూస్తే మరక కూడా లేదు. ఆ పూట నా అంత అదృష్టవంతుడు గద్వాలలో లేడు.

ఇప్పుడు తెర మీద రంగుల బొమ్మ చూపిస్తాను. మడతలు వాటంతటవే గిర్రున తిరుగుతాయి, పిల్లలు చక్కగా రాసుకుంటారు, నాకు చుక్క చెమట పట్టదు. అప్పుడప్పుడు చీరతో కుస్తీ పడుతున్న ఆ బక్కపలచని కుర్రాణ్ని తలచుకొని నవ్వుకుంటాను. నిజం చెప్పాలంటే, అంత భయపడుతూ, అంత బాగా నేను మళ్లీ ఏ పాఠమూ చెప్పలేదు.