మామయ్య కారుకు కొత్త ఆయిల్

మా మామయ్యా, మా ఆయనా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను కాపురానికి వచ్చేనాటికే తక్కువ. గొడవలేం లేవు. చిక్కడపల్లి సందులో ఒకే ఇల్లు, ఒకే బల్ల దగ్గర భోజనం. కూర ఇంకొంచెం వెయ్యనా అని నేనడిగితే ఇద్దరూ ఒకేలా తల అడ్డంగా ఊపేవాళ్లు. మామయ్య ప్రభుత్వాఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కొడుకు ఇంజినీరవుతాడని ఆశపడ్డారు. కొడుకేమో చదువు మధ్యలో మానేసి హిమాయత్‌నగర్‌లో మందుల దుకాణం పెట్టుకున్నాడు. అప్పట్లో ఏమేం మాటలు అనుకున్నారో నాకు తెలియదు. నేను వచ్చేసరికి కోపాలు చల్లారిపోయాయి. వాటితో పాటు మాటలూ పోయాయి. అత్తమ్మ ఉన్నన్నాళ్లు ఈయన మాట ఆయనకూ, ఆయన మాట ఈయనకూ మోసింది. ఆమె పోయాక ఆ పని నాకు వచ్చింది.

ఆదివారం పొద్దున మాత్రం నా అవసరం ఉండేది కాదు.

మామయ్యకు ఒక చిన్న తెల్ల కారుండేది. మా పెళ్లయిన ఏడాది కొన్నారు. మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా మామయ్యే. అశోక్‌నగర్ సందుల్లో ట్యూషన్లకూ లైబ్రరీకీ పోయే పిల్లల మధ్య నుంచి కారు నడపగలిగితే ఎక్కడైనా నడపొచ్చని ఆయన నమ్మకం. ఆ కారు ముసలిదయ్యాక ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. వెనక నుంచి నీలం పొగ వచ్చేది. దాంతో వారం వారం ఆయిల్ ఎంత ఉందో చూడాల్సి వచ్చేది. మామయ్యకు నడుము వంగదు కాబట్టి చూసే పని కొడుకుది.

మామయ్య గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా ఆయన బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే గేజు పుల్ల బయటికి లాగి, పాత బనియన్ గుడ్డతో తుడిచి, మళ్లీ దించి తీసేవాడు.

"ఎంతున్నది?"

"కింది గీత కాడికొచ్చింది బాపు."

"పోయిన వారం నడిమిట్లుండె గద."

"మొన్న విద్యానగర్ పోయొస్తిమి గద. తాగింది."

"జర పొయ్యి. ఎక్కువ పొయ్యకు."

అంతే మాటలు. కానీ ఆ మాటల కోసం మా ఆయన ఆదివారం దుకాణం ఆలస్యంగా తెరిచేవాడు. ఆయిల్ పోశాక కారు స్టార్ట్ చేసి, పొగ చూడడానికి నన్ను పిలిచేవాళ్లు. వంటింట్లో పని వదిలేసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కారు వెనక నిలబడేదాన్ని.

"బిడ్డా, పొగ తగ్గినట్టున్నదా?" అని కుర్చీలోంచి అడిగేవారు మామయ్య.

"కొంచెం తగ్గింది మామయ్యా," అనేదాన్ని. తగ్గిందో లేదో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. తగ్గిందంటే ఇద్దరి ముఖాలూ వెలిగేవి.

నారాయణగూడలో ఒక స్పేర్ పార్టుల దుకాణం ఉంది. మామయ్య అక్కడికి నడిచి వెళ్లి ఇంజినాయిల్‌లో కలిపే రకరకాల సీసాలు తెచ్చేవారు. ఒకటి పొగ తగ్గిస్తుందట, ఒకటి కారడం ఆపుతుందట, ఇంకొకటి ఇంజిన్ చప్పుడు తగ్గిస్తుందట. కళ్లద్దాలు పెట్టుకుని సీసా మీది అక్షరాలన్నీ చదివేవారు. ఒక సీసాలోది తేనెలా ఎంత చిక్కగా ఉండేదంటే, చలికాలంలో దాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇమ్మని నన్ను అడిగేవారు. మా ఆయనకు ఆ సీసాల మీద నమ్మకం లేదు.

"గిండ్ల ఏమున్నదో కంపెనోనికే ఎరుక బాపు," అన్నాడొకసారి.

"నువ్వమ్మే టానిక్కులల్ల ఏమున్నదో నీకెరుకనా?" అన్నారు మామయ్య.

మా ఆయన నవ్వాడు. మామయ్యా నవ్వారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి. మెట్ల మీద నిలబడ్డ నేను కిందికి దిగకుండా అక్కడే ఆగిపోయాను.

కారు రిజిస్ట్రేషన్ మళ్లీ పొడిగించుకోవాల్సిన ఏడు వచ్చింది. ఈ పొగతో పరీక్షకు తీసుకుపోతే పాస్ కాదని మా ఆయనకు దిగులు పట్టుకుంది. కారు పోతే మామయ్య ఏమైపోతారోనని అసలు దిగులు. దుకాణంలో ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్‌లో వీడియోలు చూశాడు. పాత ఇంజిన్లలో ఏళ్ల తరబడి మడ్డి పేరుకుంటుందనీ, ముందు దాన్ని కడిగే మందు పోసి, తర్వాత సింథటిక్ ఆయిల్ పోస్తే ఇంజిన్ కొత్తదానిలా అవుతుందనీ ఒకాయన చెప్తున్నాడట. వద్దని చెప్పేవాళ్ల వీడియోలూ ఉన్నాయి. అవీ చూశాడు. చివరికి మంచి జరుగుతుందన్న వాళ్లనే నమ్మాడు. ఆశ ఉన్న మనిషి అలాగే నమ్ముతాడు.

అశోక్‌నగర్‌లో మా కారు చూసే మెకానిక్‌ను కూడా అడిగాడు. ఆయనకూ ఖాయంగా తెలియదు. "చెప్పలేం అన్నా. ఒక బండికి పడ్తది, ఒకదానికి పడదు. మొన్నొకాయనకు పోసిన, మస్తు నడుస్తున్నది," అన్నాడు.

ఆ ఆదివారం మా ఆయన గేజు తుడుస్తూ విషయం కదిపాడు.

"బాపు, ఈసారి సింథటిక్ పోపిద్దామా? లోపల మొత్తం సాఫ్ చేపిచ్చి."

"గింత పాత ఇంజిన్ రా అది. లోపలున్న మడ్డిని కదిలిస్తే ఎటుబోయి పడ్తదో," అన్నారు మామయ్య.

"ఏం గాదు బాపు. నేనంత చూసిన."

మామయ్య కొడుకు ముఖంలోకి చూశారు. "సరే, నీ ఇష్టం రా. చేపియ్యి," అన్నారు.

ఆ మాట ఆయన అయిష్టంగా అన్నారని తర్వాత మా ఆయన ఎన్నోసార్లు అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నాకలా అనిపించలేదు. ఏదో ఒకటి తన కోసం చెయ్యాలని కొడుకు అంత పట్టుగా అడగడం ఆయనకు నచ్చిందనే నాకనిపించింది.

మందు పోసి కడిగించి, సింథటిక్ ఆయిల్ పోయించి కారు ఇంటికి తెచ్చినరోజు పండగలా ఉంది. ఇంజిన్ చప్పుడు మెత్తబడింది. నేను వెనక నిలబడి చూస్తే ఈసారి నిజంగానే పొగ లేదు. మామయ్య కర్ర ఊతంతో వచ్చి తనే చూసుకున్నారు. మా అమ్మాయి అప్పటికి హాస్టల్లో చదువుకుంటోంది కాబట్టి, ముగ్గురం హిమాయత్‌నగర్‌కు టిఫిన్‌కు వెళ్లాం. మామయ్య ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా మాట్లాడారు. ఆఫీసు రోజుల్లో నారాయణగూడ చౌరస్తాలో తన సైకిలు చెయిను తెగితే భుజాన వేసుకుని ఇంటికి వచ్చిన సంగతి చెప్పారు. మా ఆయనకు అది కొత్త. "నాకెన్నడు చెప్పలే గద బాపు," అన్నాడు. "నువ్వెన్నడు అడిగినవ్ రా," అన్నారు మామయ్య, కోపం లేకుండా. వెనక సీట్లో కూర్చుని వాళ్లిద్దరి తలల్నీ చూస్తూ, ఈ రోడ్డు ఇంకాస్త పొడుగుంటే బాగుండునని అనుకున్నాను.

కొన్ని వారాలకు గేటు దగ్గర నేల మీద నల్లటి చుక్కలు కనిపించాయి. కింది అంతస్తులో కిరాయికి ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు చెప్పుల అడుగున మరకలు అంటుతున్నాయని నాతో చెప్పారు. కారు కింద అట్టముక్క పరిచాం. రోజూ పొద్దునకు అట్ట తడిసేది. ఆయిల్ బయటికి రాకుండా ఆపే పాత రబ్బరు సీళ్లు పట్టు వదిలాయేమో, సర్వీసుకు రమ్మన్నాడు మెకానిక్. ఈలోగా డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఒకసారి ఎర్రగా వెలిగి ఆరింది. కారినంత మళ్లీ పోస్తూ ఉండడంతో, గేజు చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. దీపం వైరేదో పాడయ్యుంటుందని మా ఆయన అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మామయ్య కళ్లు చూపించడానికి బషీర్‌బాగ్ బయల్దేరాం. నారాయణగూడ దాటాక ఆ దీపం మళ్లీ వెలిగింది. ఈసారి ఆరలేదు.

"ఆపురా," అన్నారు మామయ్య.

"అది ఉత్తగనే వెలుగుతది బాపు. ఆయిలున్నది, పొద్దుగాల్నే చూసిన. ఈ ట్రాఫిక్‌ల ఏడ ఆపుత?"

"జర పక్కకన్న పెట్టు."

"గా మూల మలిగినంక ఆపుత."

ఆ మూల తిరగలేదు. ముందు ఇంజిన్‌లో టకటకమని చప్పుడు మొదలైంది. తర్వాత రాళ్లు నలుగుతున్నట్టు గరగరమంది. ఒక్క కుదుపుతో కారు ఆగిపోయింది. వెనక బస్సు హారన్ మోగిస్తూనే ఉంది. మా ఆయన తాళంచెవి తిప్పాడు, మళ్లీ తిప్పాడు. ఇంజిన్ బిగుసుకుపోయింది. ఎవరో ఇద్దరు బండ్లు ఆపి, కారును పక్కకు నెట్టిపెట్టారు. మామయ్య దిగి ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు కొడుకు మోకాలి మీద చెయ్యి వేశారు.

"పోనియ్యి రా. దానికి గూడ వయసైంది."

మా ఆయన బయటికి చూస్తూ ఉండిపోయాడు.

మెకానిక్ ఇంజిన్ కింది భాగం విప్పి చూపించాడు. ఊడిన మడ్డి అంతా దిగి, ఆయిల్ పీల్చుకునే జల్లెడకు అడ్డం పడింది. చింతపండు గుజ్జులా నల్లగా పట్టుకుని ఉంది. అడుగున ఆయిల్ ఉండీ పైకి ఎక్కలేదు. "నేను గూడ ఇట్లయితదనుకోలే అన్నా," అని చేతులు తుడుచుకున్నాడు. ఇంజిన్ మొత్తం కొత్తగా చేయిద్దామన్నాడు మా ఆయన. ఇంటికి వచ్చి తండ్రిని అడిగాడు.

"వద్దు," అన్నారు మామయ్య.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తుంటే నాతో అన్నారు. "వాడింక దానెంబడి తిరుగుడెందుకమ్మా, పరేషాన్. దుకాణం చూస్కోనియ్యి. నాకేం కోపం లేదు."

ఆ మాట మా ఆయనకు చెప్పాను. చెప్పిన తీరు బాగాలేదేమోనని ఇంకోసారి చెప్పాను. ఆయన నమ్మలేదు. "నువ్వు మా ఇద్దరి మధ్యల ఎప్పుడు తీపి మాటలే మోస్తవు," అన్నాడు. అన్నేళ్లు మంచి మాటలే ఏరి మోసినందుకు, నిజంగా మంచిమాట దొరికిన రోజున అది చెల్లలేదు.

కారును తుక్కు కింద తీసుకుపోయారు. ఆదివారాలు వచ్చిపోయాయి. మామయ్య కొన్నాళ్లు అలవాటుకొద్దీ గేటు దగ్గర కూర్చునేవారు. మా ఆయన ఆదివారం కూడా పొద్దున్నే దుకాణానికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు మా ఆయన కరెంటు కారు కొన్నాడు. మామయ్య సుఖంగా కూర్చోవాలని సీటు ఎత్తు కూడా చూసి మరీ ఎంచాడు. ఇంటికి తెచ్చిన రోజున మామయ్య దాని చుట్టూ తిరిగి, బానెట్ మీద తట్టి, "ఏదీ, ఎత్తు చూద్దాం," అన్నారు. మా ఆయన ఎత్తాడు. లోపల నల్లటి మూతలు, వైర్లు.

"గేజు ఏడున్నది?"

"ఉండదు బాపు. దీంట్ల ఇంజినాయిలే ఉండదు."

"మరేం చూస్తం?"

"చూసేదేం లేదు బాపు. అన్నీ వాళ్లే చూస్కుంటరు."

"మంచిగున్నది," అన్నారు మామయ్య. కుర్చీ తీసుకుని లోపలికి వచ్చేశారు.

ఆ తర్వాత మామయ్య ఎక్కువకాలం లేరు. ఊపిరితిత్తులు చెడి విద్యానగర్‌లో ఆసుపత్రిలో చేర్చాం. మా ఆయన దుకాణం మూసేసి పగలంతా అక్కడే ఉండేవాడు. తండ్రి కాళ్లు ఒత్తేవాడు, గడ్డం గీసేవాడు, మందుల సమయాలు నర్సు కంటే ముందు గుర్తుచేసేవాడు. మాటలు మాత్రం రాలేదు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

"దుకాణం ఎట్లున్నది?" అని మామయ్య అడిగారొకరోజు. ఆ దుకాణం గురించి ఆయన అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"మంచిగున్నది బాపు."

ఇంకేదో చెబుతాడేమోనని మామయ్య చూశారు. మా ఆయన దుప్పటి సర్దాడు. నేను బయటికి వెళ్తే మాట్లాడుకుంటారేమోనని నీళ్ల సీసా పట్టుకుని వరండాలోకి వచ్చాను. చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూశాను. తిరిగి వెళ్లేసరికి మామయ్య నిద్రపోతున్నారు. మా ఆయన తండ్రి పాదాల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమన్నా అన్నారా?" అని అడిగాను.

లేదన్నట్టు తల ఊపాడు.

దినకర్మలయ్యాక ఒక సాయంత్రం మా ఆయన, "బాపు ఒక్కసారన్న తిట్టుంటే బాగుండు," అన్నాడు. కోపం లేదన్న మామయ్య మాట మళ్లీ గుర్తుచేద్దామనుకున్నాను. ఈసారి నమ్ముతాడనిపించింది కూడా. కానీ నమ్మితే, కోపమే లేని తండ్రికి ఆదివారాలు దూరం చేశానని ఇంకా ఎక్కువ బాధపడతాడని తోచి, పక్కన కూర్చుండిపోయాను.