తమ్ముడుగారి టోపీ

మా పక్కింటి అన్నయ్యగారు పోయిన ఆదివారం కన్నుమూశారు. పొద్దెక్కినా ఆ ఇంటి కర్టెన్లు తీయకపోయేసరికి నాకు గుండెదడ మొదలైంది. "అత్తయ్యా, మీకు ప్రతిదానికీ కంగారే" అంది కోడలు. ఈసారి నా కంగారే నిజమైంది.

ఐర్లండులోని ఈ ఎన్నిస్ ఊరికి వచ్చిన కొత్తలో నాకు భయం లేనిది లేదు. స్టవ్ ఆర్పానా, తలుపు తాళం పడిందా అని గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేదాన్ని. అన్నయ్యగారు కంచె అవతల నుంచి, "ఆంటీ, ఇట్స్ గ్రాండ్! తాళం పడింది, నేను చూశా" అనేవారు. మా అబ్బాయి స్నేహితులందరూ నన్ను ఆంటీ అంటుంటే అదే నా పేరనుకున్నారట. నాకంటే పదేళ్ళు పెద్దాయన! కాదని చెప్పినా మానలేదు. నేనూ ఆయన్ని అన్నయ్యగారూ అనడం మానలేదు.

ఆ ఇంట్లో ఇంకొకాయన ఉండేవారు. సన్నగా, ఎప్పుడూ గళ్ళ టోపీతో. ఒకే ఇంట్లో పెళ్ళికాని పెద్దమనుషులు ఇద్దరుంటే మనమేమనుకుంటాం? అన్నదమ్ములనుకున్నాను. "బ్రదర్‌కి నో స్పైసీ" అంటూ ఆయనకి కారం తగ్గించి విడిగా పులిహోర ఇచ్చేదాన్ని. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని నవ్వి గిన్నెలు అందుకునేవారు. ఒక్కనాడూ కాదనలేదు.

టోపీ ఆయన ముందు పోయారు. ఆ తర్వాత మధ్యాహ్నాలు నేను వెళ్ళి కాసేపు కూర్చునేదాన్ని. ఒక వానరోజు అన్నయ్యగారు ఫ్రెంచి వాళ్ళ హాస్యం సినిమా పెట్టారు. నాకా భాష రాదు, కింద పడే ఇంగ్లీషూ చదవలేను. నవ్వుకి అవేమీ అడ్డం రాలేదు. పెట్రోలు కలిసొస్తుందని ఇద్దరు గుమాస్తాలు ఒకే కారులో ఆఫీసుకి వస్తుంటారు. వాళ్ళిద్దరూ జంట అనుకుని ఆఫీసంతా కేకు కోసి సంబరం చేస్తుంది. కాదు మొర్రో అంటున్నకొద్దీ చప్పట్లు పెరుగుతాయి. నాకు సగమే అర్థమై, "బ్రదర్సా?" అని అడిగాను.

అన్నయ్యగారు దగ్గొచ్చేదాకా నవ్వారు. నేను హడలిపోయి మంచినీళ్ళకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి నిజంగానే ఏడుస్తున్నారు.

"వీళ్ళని కాకపోయినా జంట అంటున్నారు, ఆంటీ. మేం జంటయి కూడా, కాదనిపించడానికి ఉద్యోగం చేసినన్నాళ్ళూ తంటాలు పడ్డాం" అన్నారు, నాకు అర్థమయ్యేట్టు నెమ్మదిగా.

ఇద్దరూ పక్క ఊరు షానన్‌లో ఒకే ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేశారట. ఒకే కారులో బయల్దేరేవారు. గేటుకి ముందున్న మలుపులో టోపీ ఆయన దిగిపోయి, వానైనా సరే, మిగతా దూరం నడిచేవారు. లోపల ఒకరికొకరు పరాయివాళ్ళలా గుడ్ మార్నింగ్ చెప్పుకునేవారు.

"తడిసిపోయేవారు కదా! జలుబు చేసేది కాదా?" అనేశాను.

ఆయన నా చేయి పట్టుకున్నారు. "చేసేది, ఆంటీ. ఆ మాట అడిగింది మీరొక్కరే."

తర్వాత కొక్కేనికున్న టోపీ చూపించారు. "నేను పోయాక నన్ను పెట్టెలో పెట్టినప్పుడు అది నాతో ఉండేట్టు చూడండి. మా చెల్లెలి పిల్లలు మంచివాళ్ళే, కానీ దాన్ని పాతబట్టల్లో పడేస్తారు. ఎవరిదని అడిగితే చెప్పేయండి. ఇక దాచేదేం లేదు."

ఆరోజు నుంచి నాకు అదే బెంగ. మర్చిపోతే? నేనే ముందు పోతే? నన్ను ముట్టుకోనివ్వకపోతే?

ఇక్కడ పోయిన మనిషిని మూత తీసిన పెట్టెలో హాల్లోనే ఉంచుతారు. వచ్చినవాళ్ళు చూసి, టీ తాగుతూ ఆయన కబుర్లు చెప్పుకుంటారు. అన్నయ్యగారి పెట్టె పక్కన "పాపం, ఒంటరి బతుకు" అంటోంది ఒకావిడ. టోపీ కొక్కేనికే ఉంది. వెళ్ళి తీశాను.

"అత్తయ్యా, వద్దు, వాళ్ళేమనుకుంటారో!" అని కోడలు చెవిలో గొణిగింది.

ఆయన మేనకోడలు ఎదురొచ్చింది. "ఆంటీ, అది మామయ్యది కాదు కదా, వాళ్ళ బ్రదర్‌దా?"

"నాట్ బ్రదర్," అన్నాను. "హస్బెండ్."

ఆ అమ్మాయి టోపీ అందుకుని, అరచేత్తో దుమ్ము దులిపి, ఆయన చేతికింద పెట్టింది. "మాకు తెలుసనే అనుకుంటా, ఆంటీ. ఎవరమూ అడగలేదు, అంతే" అంది.

మర్నాడు శ్మశానానికి షానన్ రోడ్డు మీదుగానే వెళ్ళాం. ఒకటే వాన. ఫ్యాక్టరీ మలుపు రాగానే, పెట్టెను మోస్తూ ముందు వెళ్తున్న నల్లకారు ఆగుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. ఆగలేదు. ఇద్దరినీ తడవకుండా ఆ గేటు దాటించి తీసుకుపోయింది.