ఊరడిగి బండి కట్టమన్న మామగారు

మా మామగారు పోయారని మొన్న కడప నుంచి తంతి వచ్చింది. నేనప్పుడు కర్నూలు బడిలో ఆడపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. తంతి బల్ల మీద పెట్టి, మొదలుపెట్టిన లెక్క ముగించాకే ఏడ్చాను. సగం లెక్క వదిలి లేస్తే ఆయనకు గిట్టదు.

ఆయన కాలేజీలో లెక్కలు చెప్పేవారు. కొత్త కోడలికి చదువు మీద ఆశ ఉందని పసిగట్టి, నాతో ప్రైవేటుగా పరీక్షకు కట్టించారు. ఆయన అక్క, మా పెద్దత్త, ఊరుకోలేదు.

"ఏమిరా, రొట్టెలు చేసే పిల్లకు లెక్కలు యాల? ఒక్కసారి చూస్తా. తప్పిందంటే ఆ పుస్తకాలు అటకెక్కాల్సిందే."

"సరేక్కా" అన్నారాయన నిమ్మళంగా. ఒక్క పరీక్ష తప్పితే నా చదువు అంతటితో సరి.

చదవడానికి తీరికెక్కడిది? రెండు పూటలా జొన్నరొట్టెలు తట్టాలి. రెండు చేతులకూ పిండే. మామగారు వంటింటి గడప అవతల పీట వేసుకుని, లిమిట్ల లెక్కలు నోటితో చెప్పేవారు. ఎక్స్ ఒక అంకె దగ్గరికి జరిగేకొద్దీ భిన్నం దేని దగ్గరికి చేరుతుందో కనుక్కోవడమే లిమిట్. రాసేందుకు నాకు చేయి ఖాళీ లేదు కదా, అందుకని లెక్క చేయమనేవారు కాదు. ఏ పద్ధతిలో చేస్తావో చెప్పమనేవారు, అంతే. ముందు ఆ అంకె వేసి చూడాలి. జవాబొస్తే పని అయినట్టే. పైనా కిందా సున్నలొస్తేనే, కారణాంకాలు విడగొట్టాలా, వర్గమూలాన్ని వదిలించాలా అని ఆలోచించాలి.

ఒకనాడు "సైన్ ఎక్స్ బై ఎక్స్" అన్నారు. మాట పూర్తికాకముందే "ఒకటి!" అన్నాను గొప్పగా.

"ఎక్స్ యాడికి పోతాండాదో అడిగినావామ్మా?"

"సున్నకు కాదా మామా?"

"కాదు, పై బై టూకు. ఊరడక్కుండానే బండి కట్టినావే! అంకె వేసి చూడు. రెండు బై పై, అంతే."

పగలబడి నవ్వారు. ఈలోగా పెనం మీద రొట్టె మాడింది. దాన్ని ఆయనే అడిగి తన కంచంలో వేయించుకుని తిన్నారు.

పరీక్ష హాల్లో నేనొక్కతెనే ఆడదాన్ని. ప్రశ్నపత్రంలో ముందున్నవన్నీ లిమిట్లే. కలం ముట్టకుండా, ఒక్కో లిమిటునూ యాడికి పోతాండావని అడిగాను. మొదటిది అంకె వేయగానే లొంగింది. రెండోది కారణాంకాలకు లొంగింది. మూడోది వర్గమూలంతో బెదిరించింది: నాలుగు ప్లస్ ఎక్స్‌కు వర్గమూలం, అందులోంచి రెండు తీసి, ఎక్స్‌తో భాగించాలి. ఎక్స్ పోయేది సున్నకు. వేసి చూస్తే పైనా కిందా సున్నలే. మైనస్‌ను ప్లస్ చేసి, దాంతో పైనా కిందా గుణించాను. పావు! పక్క కుర్రవాళ్లు కొట్టేసి మళ్లీ రాస్తున్నారు. నేను సగం కాగితాలతో ముగించాను. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

పాసైనవాళ్ల నంబర్లు పేపర్లో వస్తాయని, రైల్లో దిగే ఆ పేపరు కోసం మామగారు స్వయంగా స్టేషనుకు వెళ్లారు. కాసేపటికి వీధిలో గోల వినబడి వాకిట్లోకి పరుగెత్తాను. పెద్దత్తా నా వెనకే వచ్చింది. ఎప్పుడూ గొంతెత్తని మామగారు తలపాగా ఊడి భుజం మీద పడ్డా చూసుకోకుండా, పేపరు రెండు చేతులా ఎత్తిపట్టి నడివీధిలో నిలబడ్డారు. వెనక జట్కా ఆగిపోయింది.

"దారియ్యి సామీ!" అని జట్కా తోలే సాయిబు అరిచాడు.

"ఉండప్పా! మా కోడలి నంబరు చూసి పో!"

అక్షరమ్ముక్క రాని సాయిబు బండి దిగివచ్చి, ఆయన వేలు పెట్టిన చోట వంగి చూశాడు.

"శానా బాగుండాది సామీ" అన్నాడు.