తోక నరం

ఒక తాబేలు చావును, దాని మీద నేనాడిన అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇక మొయ్యను. మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

నేను ఈ దీవుల్లో పశువుల డాక్టర్ని. ఫెరార్గంజ్ ఆవులకు తోక ఎత్తి నరంలో సూది వెయ్యడం కళ్లు మూసుకుని చేస్తాను. ఒకరోజు వండూర్ ఒడ్డుకు రమ్మని కబురొచ్చింది. మా తెలుగు చర్చికే వచ్చే యోహాను, చేపలు పట్టేవాడు, గొంతులో గాలం దిగిన సముద్రపు తాబేలును తెచ్చాడు. మత్తిచ్చి గాలం తియ్యాలి. మత్తు మెడ నరంలోనే ఇవ్వాలని చదువుకున్నాను. కానీ అది తల విసురుతోంది, కరుస్తుందని నాకు భయం. చెయ్యి దానంతటదే తోక మీదికి పోయింది.

భయమా, అలవాటా, నాకు తెలియనిదేముందన్న పొగరా? మూడూ.

తాబేలుకు తోకలో వేసిన మందు మూత్రపిండాలు, కాలేయం చుట్టి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. తాబేలు నిద్రపోలేదు. ఆగాల్సింది, ఆగలేదు. ఈసారి మెడలో మళ్లీ పూర్తి మోతాదు ఇచ్చాను. రెండూ కలిసి ఒక్కసారే పనిచేశాయి. ఊపిరి ఆగింది. గొట్టం పెట్టి గాలి ఊదాను. గుండె కూడా ఆగిపోయింది.

“ఏటయింది దీదీ?” అన్నాడు యోహాను.

“లేటు చేసేవు భయ్యా. నిన్ననే తెచ్చుంటే బతికేది.”

“తాబేల్ని పట్టేనని ఫారెస్టోళ్లు కేసెట్టేస్తారని డర్ లగా దీదీ. రాత్రంతా పడవలోనే ఉంచీసేను. నా వల్లే మర్‌గయా.”

కాదని ఒక్క మాట అనలేనా? అనలేదు.

అతను మరిచిపోతాడనుకున్నాను. మరిచిపోలేదు. చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, పిరికితనంతో దేవుడి జీవాన్ని చంపుకున్నానని ఏడుస్తాడు. అందరూ “ఆమెన్” అంటారు. నేనూ అన్నాను. నా పాపాన్ని అతను ఒప్పుకుంటుంటే వెనక బెంచీలో కూర్చుని ఆమెన్ అన్న మనిషిని నేను. సిగ్గుతో చచ్చిపోవాలి కదా? చావలేదు, మరుసటి ఆదివారం మళ్లీ అదే బెంచీలో కూర్చున్నాను.

ఈ ఆదివారం అతను లేవకముందే నేను లేస్తాను. ఉద్యోగం సంగతి తర్వాత. క్షమించమని అడగను. అతను నా మొహం చూడకపోయినా న్యాయమే. మీకు చెప్పాక గుండె కాస్త తేలికపడింది, ఈ మాటలకు నా నోరు పెగులుతుందని తెలిసింది. అక్కడ అనాల్సింది చిన్న మాటే.

యోహాను భయ్యా, లేటయింది నువ్వు కాదు. నేను తోకలో వేసిన మందు.