కారమెక్కిన బెంగళూరు మిరప

మొన్నామధ్య నంద్యాలలో విత్తనాల అంగడికి పోయాను. మా ఆయనకు ఈ మధ్య మిద్దె మీద తోట పెట్టే పిచ్చి పట్టింది. ఫోనులో ఎవరెవరో చెప్పేవన్నీ విని, పాత రంగు డబ్బాలకు అడుగున బొక్కలు పొడిచి, మన్నూ పేడా కలిపి నింపి, నాకు మోకాళ్ల నొప్పులని తెలిసి కూడా కాప్సికం విత్తనాలు తెమ్మని నన్నే పంపించాడు. అంగట్లో నాకంటే ముందు ఒక పల్లెటూరి ఆయన నిలబడి, ఈసారి కొన్న కాప్సికం విత్తనంతో కాసిన కాయల్లోంచి గింజ తీసి పెట్టుకుంటే వచ్చే ఏడు నాటుకోవచ్చా అని అడుగుతున్నాడు. అంగడి మనిషి తల కూడా ఎత్తకుండా, "హైబ్రిడ్‌కు గింజ దాయొద్దప్పా. మల్లా నాటితే తల్లి మాదిరి రాదు. పక్కన కారం మిరపచెట్లు ఉన్న్యాయంటే కారం గూడా ఎక్కుతాది" అన్నాడు. అడిగినాయన తలూపి పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం పొట్లం అడగడం కూడా మరిచి అక్కడే నిలబడ్డాను. అంత చిన్న మాట, అంత చులకనగా చెప్పిన మాట, ఆ రోజుల్లో ఎవరైనా ఆళ్లగడ్డలో మా అత్త చెవిన వేసి ఉంటే నా బతుకు ఇంకో రకంగా నడిచేది.

నా ఈడు ఆడవాళ్లకు చేతిగుణం అంటే విడమరచి చెప్పనక్కరలేదు గానీ, ఈ కాలం పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను. ఒకరు వేసిన పాదు విరగకాస్తుంది, ఇంకొకరు వేసింది మాడిపోతుంది. ఒకరు తోడు వేసిన పెరుగు గడ్డకట్టి నిలబడుతుంది, ఇంకొకరిది నీళ్లోడుతుంది. ఇదంతా ఆ మనిషి చేతిలో ఉండే గుణమని మా వైపు నమ్మకం. చేయి మంచిదని పేరు పడ్డ ఆడదాన్ని విత్తనం పెట్టేటప్పుడూ, ఊరగాయ కలిపేటప్పుడూ, పెళ్లిలో పాలికల్లో నవధాన్యాలు చల్లేటప్పుడూ వెతుక్కుంటూ వచ్చి పిలుచుకుపోతారు. మంచిది కాదని పేరు పడితే మొహాన ఎవరూ ఏమీ అనరు, పిలవడం మానేస్తారు, అంతే. ప్యాపిలిలో మా పుట్టింట్లో నా చేతికి మంచి పేరే ఉండేది. మా అవ్వ బీరగింజలైనా సొరగింజలైనా నా చేతే పెట్టించేది, నేను పెట్టిన పాదు పందిరి దాటి పొరుగువాళ్ల గోడ ఎక్కితే ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది.

తొంభైలు మొదలయ్యే రోజుల్లో ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చాను. మా అత్తకు ఇంటి వెనక పెరడే సర్వస్వం. చేదబావి పక్కన వంగ, గోరుచిక్కుడు, ఇంటి వాడకానికి మంట పుట్టించే కారం మిరపచెట్లు, గట్టున బంతి, ఒక్క ఆకు ఎండినా ఆమెకు అన్నం సయించేది కాదు. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, ఊళ్లో మాట పడకుండా నెగ్గుకొచ్చిన మనిషి, ఆ పెరట్లో తన మాటకు ఎదురులేదు. నేను వచ్చిన ఏడే, బెంగళూరులో ఉద్యోగం చేసే మా ఆయన చిన్నాయన వస్తూ వస్తూ ఒక చిన్న విత్తనాల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కాప్సికం అనే పేరు మాకు నోరు తిరగదు, బెంగళూరు మిరపకాయ అనే వాళ్లం. వినాయక చవితి వెళ్లగానే అత్త తన చేత్తో వాటిని కారం మిరప సాలు పక్కనే నాటింది. చలికాలానికి అవి గుప్పిట పట్టనంత కాయలు కాశాయి. నున్నగా, ఆకుపచ్చగా, కొరికితే నీళ్లూరే కాయలు, ఎక్కడా కారం లేదు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూసి పోయారు. చెనిక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, కూరి చేసిన గుత్తికూర తిని, మిరపకాయ తియ్యగా ఉండడమేమిటని బుగ్గలు నొక్కుకున్నారు.

అత్త తనకు అలవాటైన పద్ధతిలోనే, కాయలన్నిట్లోకీ మంచి కాయకు ఎర్రదారం కట్టి, ఎవరూ కోయకుండా కాపలా కాసి, అది పండి ఎర్రబడ్డాక గింజలు తీసి నీడన ఆరబెట్టి, బూడిద కలిపి ముంతలో దాచింది. మన ఇళ్లలో అందరూ అట్లాగే దాచేవాళ్లు కదా. పొట్లంలో వచ్చిన విత్తనం వేరు, పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చుకున్న చిక్కుడుగింజ వేరు అని ఆమెకు తెలీదు, నాకూ తెలీదు. మరుసటి ఏడు చవితి దాటగానే ముంత నా చేతికిచ్చి, ఈసారి నువ్వు పెట్టు, నీ చెయ్యి ఎట్లుందో చూద్దాం అంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. తలస్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని మరీ గింజలు వేశాను.

మొలకలు బాగానే వచ్చాయి, చెట్లు ఏపుగానే పెరిగాయి. కాయలే ఒకదానికొకటి పోలిక లేకుండా వచ్చాయి. ఒక చెట్టుకు బుట్ట ఆకారంలో, ఒకదానికి కోసుగా, ఇంకోదానికి వంకర తిరిగి, పోయినేటి కాయల్లో సగం కూడా లేకుండా కాశాయి. పెరిగితే అవే సర్దుకుంటాయిలే అంది అత్త. అప్పుడే బనగానపల్లె వాళ్లు మా ఆడబిడ్డను చూసుకోవడానికి మా ఇంట్లో దిగారు. ఆ సంబంధం కోసం అత్త ఏడాదిగా మొక్కని దేవుడు లేడు. తన తీపి మిరపకాయల గొప్ప ఆమె అంతకుముందే ఆ ఇంటిదాకా చేరవేసింది, అందుకని అప్పుడే కోసిన తొలి కాయలతో గుత్తికూరే చేయించింది. దేవుడికి నైవేద్యం, వచ్చిన వాళ్లకు వడ్డన అయ్యేదాకా వండింది రుచి చూడడం ఆ ఇంట్లో మహాపాపం. వరుడి తండ్రి నిండు కాయ నోట్లో పెట్టుకుని కొరికాడు. పాపం, పెద్దమనిషి, కళ్లలోంచి ముక్కులోంచి నీళ్లు కారిపోతూ, ఎక్కిళ్లు ఆగక, విస్తరి ముందు నుంచి లేచి బావి దగ్గరికి పరుగెత్తాడు. వాళ్లు మర్యాదగానే వెళ్లారు. తర్వాత ఏ కబురూ రాలేదు.

అత్త నన్ను కొట్టలేదు, గట్టిగా అరవను కూడా అరవలేదు. నలుగురు ఆడవాళ్లు పెరట్లో చేరిన వేళ చూసి, నన్ను పిలిచి, ఆ చెట్లన్నీ పీకమంది. "ఏ చేత్తో ఏసినావో ఆ చేత్తోనే పీకు" అంది. నేను పీకుతుంటే పక్కన నిలబడి, వచ్చిన వాళ్లతో, "నా చేత్తో ఏస్తే తియ్యగ కాసె. దీని చేత్తో ఏస్తే కారమెక్కె. ఇంగ నేనేం జెప్పల్ల?" అంది. గింజ ఒకటే, మన్ను ఒకటే, బావి నీళ్లు ఒకటే, మారింది చెయ్యి ఒక్కటే. ఆ లెక్కలో తప్పెక్కడుందో ఆ రోజు నాకు కూడా తట్టలేదు. పీకిన కాయల్ని పారెయ్యనివ్వకుండా రోట్లో పోసి నా చేతే నూరించింది. ఆ మంటకు రాత్రంతా చేతులు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో పెరుగుకు నేను తోడు వేయలేదు. ఊరగాయ జాడీ దగ్గరికి పోలేదు. వీధిలో ఎవరైనా పాదు పెడుతుంటే నన్ను చూసి గింజలు కొంగులో కప్పుకునేవాళ్లు, అది దాచడం కాదన్నట్టు నవ్వు మొహం పెట్టేవాళ్లు. ఆడబిడ్డకు ఇంకో మంచి సంబంధమే కుదిరింది. ఆ పెళ్లిలో ముత్తయిదువులంతా వరసగా పాలికల్లో నవధాన్యాలు చల్లుతుంటే, ఇంటి కోడలినై ఉండీ నేను వెనక వసారాలో కూర్చుని కొబ్బరి తురిమాను. అప్పటికి మా అమ్మాయి చంకబిడ్డ. ఎవరో దూరపు చుట్టం, తెలీక, కోడలు చల్లలేదే అని అడిగితే, అత్త నవ్వుతూనే, దాని చెయ్యి పడితే పాలికల్లో కారం మిరపలు మొలుస్తాయంది. అందరూ నవ్వారు. ఆడబిడ్డా నవ్వింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది. అమ్మాయి తర్వాత నాకు మళ్లీ నెల తప్పింది, ఐదో నెలలో పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చి మంచం మీద పడుకుని ఉన్నాను. అత్త గడప దగ్గర నిలబడి, లోపలికి కూడా రాకుండా, "పడిన గింజను నిలబెట్టుకునే చెయ్యా అది" అంది. మా ఆయన అక్కడే ఉన్నాడు. రుద్రవరం దగ్గర మా చేనికి పోవడానికి చెప్పులు వేసుకుంటున్నాడు. పత్తి విత్తే అదను, కొత్తగా కొన్న విత్తనాల సంచి స్కూటరు ముందర పెట్టుకున్నాడు. తల్లి మాట విన్నాడు, నా వైపు ఒకసారి చూశాడు, బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఎందుకో ఆ సంచి మీది పత్తికాయ బొమ్మ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

అమ్మాయి పెద్ద చదువుకు వచ్చేసరికి, రెండువేల సంవత్సరం దాటాక, నంద్యాలకు మారాం. కొన్నాళ్లకు అత్తకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోతే ఆమెనూ తెచ్చుకున్నాం. చివరి దాకా ముద్ద కలిపి నోట్లో పెట్టింది నేనే, ఈ చేత్తోనే. నోరు తెరిచి తినేది, కాదనలేదు. పెరుగన్నం మాత్రం నోటి దగ్గర ఆపి, మాట సరిగా పలకక పోయినా, "తోడు ఎవురేసిరి?" అని అడిగేది. పక్కింటామె వేసిందని చెబితేనే మింగేది. నిజంగానే పక్కింటామె చేతే వేయించేదాన్ని. ఎందుకంటే అప్పటికి నేను కూడా నమ్మాను. నా చేతిలో ఏదో విషం ఉందని, అది నా కడుపులోకి కూడా పోయిందని, ఆ బిడ్డ అందుకే నిలవలేదని, ఇన్నేళ్లూ నమ్మే బతికాను.

ఆ రోజు అంగడి నుంచి ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే మా ఆయన్ను అడిగాను, హైబ్రిడ్ గింజ మళ్లీ నాటితే తల్లిలా రాదట, నీకు తెలుసా అని. పేపరు చదువుతున్నాడు. "ఎందుకు తెల్దు? ఏటేటా పత్తి ఇత్తనాలు కొత్తవి కొంటాంటి గదా" అన్నాడు. మిరపకు కూడా అంతేనని అప్పుడే తెలుసా అన్నాను. తెలుసన్నాడు. మరి ఎప్పుడూ ఎందుకు చెప్పలేదన్నాను. పేపరు మడిచి, నేనేదో చిన్నపిల్లలా మారాం చేస్తున్నట్టు చూసి, "ఒక మిరపచెట్టు కోసరం అమ్మతో యాడ కొట్లాడేదిమే" అన్నాడు.

మా అత్త మీద ఇన్నేళ్లుగా పెంచుకున్న కోపం ఆ పూట ఎటు పోయిందో తెలీదు. ఆమెకు తెలీదు, తెలీక అంది. తెలిసినవాడు చెప్పులు వేసుకుని బండెక్కి వెళ్లిపోయాడు. అతనితో నేను కాపురం చేశాను, ఇప్పటికీ పొద్దున్నే లేచి కాఫీ కలిపి ఇస్తున్నాను. అతని మీద కోప్పడడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఈ వయసులో నాకు తెలియడం లేదు.

సాయంత్రం మిద్దె మీదికి పిలిచి, నాకు నడుం వంగదు, గింజలు నువ్వే వెయ్యి అన్నాడు. ఆ ఇంటి మనుషులు నన్ను విత్తనం వెయ్యమనడం, ముంత చేతికిచ్చిన ఆ రోజు తర్వాత మళ్లీ అదే. గింజలు అరచేతిలో పోసుకున్నాను. అంతా తెలుసు, అంగడి మనిషి మాట చెవిలో ఇంకా ఉంది. అయినా చెయ్యి మట్టి దాకా పోలేదు. కిందికి దిగి పక్కింటి కొత్త కోడల్ని పిలుచుకుని వచ్చాను. ఆ పిల్ల చెవిలో ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే, వేలితో గుంటలు పొడిచి గింజలు పడేసి వెళ్లిపోయింది.

కాలం నిజంగా మారింది. ఇప్పుడు ఎవరూ కాయకు ఎర్రదారం కట్టరు, బూడిద ముంతలు లేవు, ఏ సీజనుకు ఆ పొట్లం కొనుక్కోవడమే. పాలికలు పెళ్లి మండపం వాళ్లే ముందుగా మొలిపించి తెచ్చి పెడుతున్నారు. చేతిగుణం అనే మాట మా అమ్మాయికి చెబితే నవ్వుతుంది, నవ్వనీ, ఆ నవ్వు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. డబ్బాల్లో మొలకలు వచ్చాయి, మా ఆయన రోజూ నీళ్లు పోసి మురిసిపోతున్నాడు. చలికాలానికి కాయలు తియ్యగానే కాస్తాయి. నేను చెయ్యి పెట్టలేదు కదా అని, ఇంత తెలిశాక కూడా, నాకు అనిపిస్తూనే ఉంది.